ఒకే వరి మడి, రెండు శత్రువులు: అడవి పందినీ ఎండాకు తెగులు బ్యాక్టీరియానూ పక్కపక్కన పెట్టి చూస్తే

అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా (పంటల బీమా) పథకంలో అదనపు రక్షణగా చేరుస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. దాంతో అడవి అంచు ఊళ్లలో ఒక ప్రశ్న మొదలైంది. పంది తొక్కితే ఒక లెక్క, తెగులు తింటే ఇంకో లెక్క ఎందుకు? రెండూ పోగొట్టేది ధాన్యమే కదా?

ఈ ప్రశ్నకు బీమా కాగితాల్లో మాత్రమే జవాబు వెతికితే దొరకదు. రెండు నష్టాలూ మడిలో పరుచుకునే తీరు వేరు. రెండు జీవులూ మన ఎత్తులకు ఎదురు తిరిగే తీరు వేరు. బీమాలో, చట్టంలో, మందుల కొట్లో కనిపించే తేడాలు ఎక్కువగా ఈ రెండింటి నుంచే పుట్టాయి. అందుకే ముందు జీవుల దగ్గర మొదలుపెట్టి, తర్వాత లెక్కల్లోకి, చట్టంలోకి వెళ్దాం.

ముందుగా ఎవరు ఎవరు

అడవి పంది శాస్త్రీయ నామం సస్ స్క్రోఫా. ఊరి పంది కూడా ఈ జాతి నుంచి వచ్చినదే. ఆడ పందులు పిల్లలతో మందగా తిరుగుతాయి, ఎదిగిన మగది చాలావరకు ఒంటరిగా తిరుగుతుంది. చూపు అంతంతమాత్రం. వాసన, వినికిడి మాత్రం చాలా చురుకు. చూలు కాలం సుమారు 115 రోజులు, ఈతకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు పిల్లలు. గడ్డలు, వేర్లు, గింజలు, వానపాములు, చచ్చిన జంతువులు, ఏది దొరికినా తింటుంది.

ఎండాకు తెగులుకు కారణమైన బ్యాక్టీరియా పేరు శాంథోమోనాస్ ఒరైజే. ఒకే ఒక్క కణం, దానికి ఒక చివర తోక లాంటి పోగు. పొడవు ఒకటి నుంచి రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు దరిదాపు. మీటరున్నర పొడవున్న పంది వెంట ఈ బ్యాక్టీరియాలను వరసగా పేరిస్తే సుమారు పది లక్షలు పడతాయి. 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో రైతులు ఈ తెగులును మొదట గుర్తించినట్టు చెబుతారు. మన దేశంలో 1950ల మొదట్లో మహారాష్ట్రలో బయటపడింది. 1963లో బీహార్‌లోని షాహాబాద్ ప్రాంతంలో పెద్ద ఎత్తున చెలరేగాకే దేశమంతా దాన్ని పట్టించుకుంది.

మాటల దగ్గర కూడా ఒక చిక్కుంది. మనం చీడపీడలు అని కలిపి అనేస్తాం. వ్యవసాయ శాస్త్రంలో తెగులు అంటే సూక్ష్మజీవి మొక్క లోపల చేరి దాని పనిని చెడగొట్టడం. చీడ అంటే బయటి నుంచి వచ్చి తినడం, నరకడం, తొక్కడం. ఈ అర్థంలో పందిని వెన్నెముక ఉన్న చీడల్లో లెక్కేస్తారు, ఎలుకలూ పక్షులూ కూడా అందులోవే. కానీ చట్టం దృష్టిలో అదే పంది, పొలంలో ఉన్నా అడవిలో ఉన్నా, కాపాడాల్సిన వన్యప్రాణి. బ్యాక్టీరియాకు ఇలాంటి రెండో హోదా లేదు.

పొద్దున్నే మడిలో కనిపించే ఆనవాళ్లు

పంది వచ్చి వెళ్లిన మడిని చూడగానే తెలిసిపోతుంది. గట్టు ఒకచోట తెగి ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి పైరు పడుకుని బాట పడి ఉంటుంది. మధ్యలో బురదలో పొర్లిన గుంటలుంటాయి. కంకులను నమిలి, పాలు పీల్చి, పిప్పిని ఉమ్మేసిన ముద్దలు దొరుకుతాయి. మెత్తటి నేలలో అడుగులు చూస్తే రెండు పెద్ద గిట్టల వెనక, కాస్త పక్కకు, రెండు చిన్న గుంటలు పడి ఉంటాయి. అవి పక్క గిట్టల ముద్రలు. పశువుల అడుగుల్లో ఇవి మామూలుగా పడవు. నష్టం ఏ జంతువు పనో తేల్చే పంచనామాలో ఈ చిన్న గుర్తు చాలా విలువైనది, వాన పడకముందే ఫోటో తీసుకోవాల్సినదీ ఇదే.

ఎండాకు తెగులు ఇంత గట్టిగా చెప్పదు. ఆకు కొస నుంచో, అంచు వెంటో నీటిలో తడిసినట్టు చార మొదలవుతుంది. అది పసుపుగా మారి, అల అలగా వంపులు తిరిగిన అంచుతో కిందికి దిగుతుంది. చివరికి ఆకు ఎండుగడ్డి రంగుకు వస్తుంది. తెల్లవారుజామున మంచు ఆరకముందు చూస్తే ఆ చారల మీద పసుపు రంగు జిగురు బొట్లు కనిపిస్తాయి. ఎండ ఎక్కాక అవే గట్టిపడి చిన్న పలుకుల్లా ఆకుకు అంటుకుంటాయి. పది గంటలకు మడికి వెళ్లేవారికి బొట్లు కనిపించకపోవడానికి కారణం ఇదే.

పొటాష్ లోపం వల్లా, ఎండ దెబ్బ వల్లా కూడా ఆకు కొసలు మాడతాయి కాబట్టి, అనుమానం తీరాలంటే గాజు గ్లాసు పరీక్ష ఉంది. పచ్చ భాగం, ఎండిన భాగం కలిసే చోట ఆకును చిన్న ముక్కగా కత్తిరించి, తేటనీళ్లున్న గ్లాసులో కోసిన వైపు మునిగేలా నిలబెట్టాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి కొన్ని నిమిషాలు చూడాలి. తెగులైతే కోసిన అంచు నుంచి పల్చటి పాల ధార దారంలా కిందికి జారుతుంది. ఆ ధారలో ఉన్నవి లెక్కలేనన్ని బ్యాక్టీరియా కణాలు, వాటిని అంటిపెట్టుకున్న జిగురు. లోపం వల్ల ఎండిన ఆకు నుంచి ఏమీ రాదు.

నాటిన రెండు మూడు వారాల్లో ఈ తెగులు ఇంకో వేషంలో వస్తుంది. మొక్క మొత్తం వాడి చచ్చిపోతుంది. శాస్త్రవేత్తలు ఈ దశను ఇండోనేషియా మాటతో క్రెసెక్ అంటారు. కాండం తొలిచే పురుగు వల్ల మొవ్వు చావడం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పురుగైతే మొవ్వు పట్టి లాగగానే ఊడి వస్తుంది, మొదట్లో కొరికిన గుర్తు ఉంటుంది. బ్యాక్టీరియా అయితే మొదలు కోసి నొక్కినప్పుడు పసుపు జిగురు వస్తుంది. ఈ తేడా పట్టుకోక పురుగుమందు గుళికలు చల్లి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

పంది ఆకలితో వస్తుంది, బ్యాక్టీరియా తలుపు తీయించుకుని వస్తుంది

పంది మడిలోకి వచ్చే కాలాన్ని వాసన నిర్ణయిస్తుంది. వరి పాలు పోసుకునే దశ నుంచి కోత దాకా దానికి ఇష్టమైన కాలం. పగలు దాక్కోవడానికి పక్కనే చెరకు తోటో, మొక్కజొన్న చేనో, సర్కారు తుమ్మ పొదలో ఉంటే చాలు, అడవి కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఫరవాలేదు. పులి, చిరుత, రేచుకుక్క తిరిగే నల్లమల, కవ్వాల్ లోపలి అడవుల్లో పందిని వేటాడేవి ఉన్నాయి. మైదానంలోని తుమ్మ పొదల్లో దానికి ఎదురు చెప్పేది దాదాపు ఏదీ లేదు.

బ్యాక్టీరియా ప్రవేశం ఇంతకంటే సూక్ష్మమైన పని. వరి ఆకు అంచున తెల్లవారి నీటి బొట్లు కారే సన్నటి రంధ్రాలుంటాయి. వాటి ద్వారా, లేదా గాలివానలో ఆకులు ఒరుసుకుని పడిన గాయాల ద్వారా అది లోపలికి పోతుంది. నీటిని మోసే గొట్టాల్లోకి చేరుతుంది. 25 నుంచి 34 డిగ్రీల వేడి, 70 శాతం దాటిన తేమ దానికి అనువైన వాతావరణం. నాట్ల సమయంలో ముదురు నారు కొసలు తుంచి నాటే అలవాటు కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. అంటే ప్రతి మొక్కకూ మన చేతులతోనే గాయం చేసి, నీళ్లలో నిలబెడుతున్నామన్నమాట.

లోపలికి చేరాక జరిగేది ఆశ్చర్యం గొలుపుతుంది. నీటి గొట్టాల్లో చక్కెర తక్కువ. ఆకలి తీరాలంటే పక్క కణాలు చక్కెరను బయటికి వదలాలి. బ్యాక్టీరియా సూది లాంటి యంత్రాంగంతో కొన్ని ప్రోటీన్లను వరి కణంలోకి ఎక్కిస్తుంది. అవి వరి జన్యువుల ముందుండే ఒక నిర్దిష్టమైన చిరునామాకు వెళ్లి అతుక్కుంటాయి. అక్కడున్న జన్యువు చక్కెరను బయటికి పంపే ద్వారాలను తయారు చేసేది. మామూలుగా మూసి ఉండాల్సిన ఆ జన్యువును ఇవి తెరిపిస్తాయి. మొక్క తన చక్కెరను తానే శత్రువుకు వడ్డిస్తుంది.

యూరియా ఎక్కువైన మడిలో ఇది ఇంకా రెచ్చిపోతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, గుబురుగా పెరుగుతుంది, తేమ ఆరదు. ఒక 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని ఉంటుంది. రెండు బస్తాలతో సరిపోయే ఎకరానికి మూడు వేస్తే 41 కిలోల చోట 62 కిలోలు పడింది. పచ్చగా కళకళలాడుతున్న ఆ మడే వాన తగలగానే ముందు ఎండుతుంది. తెగులు కనబడ్డాక పైపాటు యూరియా ఆపమని, మడిలో నీళ్లు తీసేయమని, తెగులున్న మడి నీళ్లు పక్క మడికి పారనీయవద్దని చెప్పేది అందుకే.

రెండు శత్రువులూ కలిసే చోటు కూడా ఒకటుంది. మంచు ఆరని తడి పైరులో నడిచేది మనిషైనా, పశువైనా, పందుల మందైనా ఆకులకు గాయాలు చేస్తుంది, జిగురును ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు పూస్తుంది.

అదే 7.2 క్వింటాళ్లు, కానీ నష్టం ఒకటి కాదు

రాములమ్మ, వెంకటయ్య అనే ఇద్దరు రైతులను ఊహించుకుందాం. ఇద్దరికీ ఎకరానికి 24 క్వింటాళ్లు రావాలి. రాములమ్మ మడిలో పందులు 30 సెంట్లు పూర్తిగా తొక్కేశాయి. వెంకటయ్య మడి అంతటా ఎండాకు తెగులు 30 శాతం దిగుబడిని తినేసింది. ఇద్దరికీ పోయింది 7.2 క్వింటాళ్లే, మిగిలింది 16.8.

అయితే రాములమ్మకు మిగిలిన 70 సెంట్ల గింజ గట్టిగానే ఉంది. కోత ఖర్చు కూడా ఆ మేరకే. వెంకటయ్య నూరు సెంట్లూ కోయించాలి, మిషను కిరాయి పూర్తిగా కట్టాలి. గింజ సరిగా నిండక తాలు ఎక్కువ, మిల్లులో నూక ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో ఇంకొంత పోతుంది. క్వింటాళ్ల లెక్కలో ఇద్దరూ సమానమే, చేతికొచ్చే డబ్బులో వెంకటయ్య వెనకబడతాడు.

బీమా దగ్గరకు వస్తే లెక్క ఇంకోలా తిరుగుతుంది. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా ప్రధానంగా ప్రాంతాన్ని బట్టి నడుస్తుంది. ఒక్కో రైతు మడిని కొలవరు. బీమా యూనిట్‌గా తీసుకున్న ఊళ్లో పంటకోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. అది ముందే నిర్ణయించిన ప్రామాణిక దిగుబడి కంటే తగ్గితే, ఎంత తగ్గిందో అంత నిష్పత్తిలో అందరికీ పరిహారం ఇస్తారు.

ఊళ్లో 500 ఎకరాల వరి ఉందనుకుందాం. ప్రామాణిక దిగుబడి 22 క్వింటాళ్లు, బీమా మొత్తం ఎకరానికి 40,000 రూపాయలు.

పందులు ముగ్గురి మడుల్లో పడి ఒక్కొక్కరికి 7.2 క్వింటాళ్లు పాడుచేశాయి. మొత్తం 21.6 క్వింటాళ్లు. దాన్ని 500 ఎకరాలకు పంచితే ఎకరానికి నాలుగు కిలోల పైచిలుకు. ఊరి సగటు 24 నుంచి 23.96కు వచ్చింది, 22 కంటే పైనే ఉంది. పరిహారం సున్నా.

ఎండాకు తెగులు ఊరంతా 30 శాతం తీసుకుపోయింది. సగటు 16.8. తగ్గింది 5.2, దాన్ని 22తో భాగిస్తే 23.6 శాతం. ఎకరానికి సుమారు 9,450 రూపాయలు వస్తాయి.

అదే తెగులు 50 ఎకరాల్లోనే వచ్చిందనుకోండి. నష్టం 360 క్వింటాళ్లు, ఊరి సగటు 23.28. మళ్లీ సున్నాయే.

ఈ మూడో ఉదాహరణను చాలామంది మరచిపోతారు. సగటు పద్ధతి అన్యాయం చేసేది పంది బాధితులకే అనుకుంటాం. నిజానికి నష్టం ఒకచోట ముద్దగా పడితే, కారణం ఏదైనా, సగటు దాన్ని మింగేస్తుంది. వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం లాంటి వాటిని స్థానిక విపత్తులుగా విడిగా లెక్కించే ఏర్పాటు అందుకే వచ్చింది. అడవి జంతువుల నష్టాన్ని చేరుస్తామన్నదీ ఆ వరసలోనే. రైతు 72 గంటల్లోగా యాప్‌లో స్థలం గుర్తుతో కూడిన ఫోటోలతో తెలియజేయాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్న జాబితాను రాష్ట్రం నోటిఫై చేయాలి. అదనపు రక్షణ కాబట్టి అన్ని రాష్ట్రాల్లో దానంతట అదే అమల్లోకి రాదు.

తెగులును స్థానిక విపత్తుల్లో చేర్చకపోవడానికి వాదన ఉంది. వడగళ్లు రైతు చేతిలో లేనివి. తెగులు మాత్రం రకం ఎంపిక, ఎరువు మోతాదు, నీటి యాజమాన్యంతో కొంత తగ్గించుకోదగ్గది, ఎవరి నిర్లక్ష్యం ఎంతో మడి మడికీ తేల్చడం కష్టం. రైతుల వైపు వాదన కూడా బలమైనదే. పక్క మడి నీళ్లతో, గాలివానతో వచ్చిన తెగులులో తన తప్పేముంది?

పంది నేర్చుకుంటుంది, బ్యాక్టీరియా మారుతుంది

రెండింటి పోలికలో అన్నిటికంటే ఉపయోగపడే విషయం ఇదే. ఈ రెండింటి మీదా ఒకే ఒక్క ఆయుధం ఎక్కువ కాలం పనిచేయదు. కానీ పనిచేయకపోవడానికి కారణాలు వేర్వేరు.

పంది మెదడు ఉన్న జీవి. చేను చుట్టూ పాత చీరలు కడితే మొదటి రాత్రులు ఆగుతుంది. గాలికి ఊగే గుడ్డ తనను ఏమీ చేయదని తెలిశాక దాని కిందుగా దూరుతుంది. టపాసులు, మైకులో పులి గాండ్రింపు, దిష్టిబొమ్మ, అన్నిటిదీ ఇదే దారి. తల్లి వెంట నడిచే పిల్లలకు ఆ అలవాటు వెంటనే పట్టుబడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా వెన్నెముక చీడల మీద పనిచేసే అఖిల భారత పరిశోధన పథకం చాలా పద్ధతులను పరీక్షించింది. వాసన మీద దెబ్బకొట్టే కోడిగుడ్డు ద్రావణం, వేరుశనగ చుట్టూ ముళ్లుండే కుసుమ వరసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం, పంటకు అడుగు దూరంలో అడుగు అడుగు ఎత్తున మూడు వరసల ముళ్లతీగ లాంటివి. వీటిలో వాసన మీద ఆధారపడినవి వాన పడితే కొట్టుకుపోతాయి. ఒకప్పుడు సంచుల్లో కట్టి వేలాడదీసిన ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి దేశంలో నిషిద్ధం.

సోలార్ కంచె వీటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎందుకంటే అది పందికి నేర్పే పాఠం నిజమైనది: ముట్టుకుంటే నొప్పి. వేల వోల్టుల షాక్ సెకనుకు ఒకసారి, సెకనులో అతి చిన్న భాగం మాత్రమే తగులుతుంది. కండరం ముడుచుకుని వెంటనే వదులుతుంది కాబట్టి జంతువు వెనక్కి గెంతుతుంది. స్తంభం నుంచి నేరుగా తీసిన 230 వోల్టుల తీగ అలా కాదు. విద్యుత్తు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి విడవదు, గుండె లయ తప్పుతుంది. పందుల కోసం పెట్టిన ఆ తీగలకు తెలుగు పల్లెల్లో రైతులూ, కూలీలూ, పొద్దున్నే చేనుకు నీళ్లు పెట్టబోయినవాళ్లూ ప్రాణాలు కోల్పోతూనే ఉన్నారు. రెండింటినీ కరెంటు కంచె అనే ఒకే పేరుతో పిలవడం ప్రమాదకరం.

సోలార్ కంచె విఫలమైందంటే కారణం చాలావరకు మూడింటిలో ఒకటి. గడ్డి పెరిగి తీగకు తగిలి షాక్ నేలలోకి కారిపోతుంది. ఎండిన నేలలో ఎర్తింగ్ కడ్డీ సరిగా పనిచేయదు. లేదా అడుగు తీగ ఎత్తులో ఉండి పంది మూతితో కింద నుంచి ఎత్తుకుని దూరిపోతుంది. అడుగు తీగ నేలకు జానెడు ఎత్తులో ఉంటే ముట్టె ముందు దానికే తగులుతుంది.

బ్యాక్టీరియాకు మెదడు లేదు, నేర్చుకోదు. దాని బలం సంఖ్య. ఆరు గంటలకు ఒకసారి రెండవుతుందనుకుంటే రోజుకు 16 రెట్లు, అయిదు రోజుల్లో ఒక్కటి 10,48,576 అవుతుంది. ఇంత నకలు తీసేటప్పుడు అక్షర దోషాలు తప్పవు. ఆ దోషాల్లో ఏదో ఒకటి మన రక్షణను తప్పించుకునేలా ఉంటే చాలు, మిగతావి చచ్చినా అది పెరుగుతుంది. 1970లలో ఎక్స్ఏ4 అనే ఒకే నిరోధక జన్యువున్న వరి రకాలు ఆసియాలో విస్తారంగా సాగయ్యాయి. కొన్నేళ్లకే ఫిలిప్పీన్స్‌లో ఆ జన్యువును దాటే బ్యాక్టీరియా రకాలు పైకి వచ్చాయి.

దీనికి జవాబుగా హైదరాబాద్‌లో జరిగిన పని తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మహసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత పేరున్నదో ఎండాకు తెగులుకు అంత లోకువ. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి దానిలోకి ఒకేసారి మూడు నిరోధక జన్యువులను తెచ్చారు. 2008లో మెరుగైన సాంబ మహసూరిగా విడుదల చేశారు. మూడూ మూడు రకాల కాపలా. ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, కణం గోడ దగ్గర నిలబడి బ్యాక్టీరియా ఆనవాలు పసిగట్టే కాపరి లాంటిది. ఎక్స్ఏ13లో చక్కెర ద్వారం జన్యువు ముందుండే చిరునామా మారిపోయి ఉంటుంది, శత్రువు పంపిన ప్రోటీన్‌కు ఇల్లు దొరకదు. ఎక్స్ఏ5లో ఆ ప్రోటీన్ వాడుకునే కణ యంత్రాంగంలోని ఒక భాగం కాస్త మారి ఉంటుంది.

మూడెందుకో చిన్న లెక్కతో చూద్దాం. పది లక్షల బ్యాక్టీరియాల్లో ఒకటి ఒక జన్యువును దాటగలదని ఊహించుకుందాం. ఆకు మీది మచ్చలో పది కోట్లు ఉంటే అందులో వంద దాటేవి ఉంటాయి. రెండు జన్యువులను ఒకేసారి దాటాలంటే లక్ష కోట్లలో ఒకటి. మూడింటినీ దాటాలంటే ఆ లక్ష కోట్లను మళ్లీ పది లక్షలతో హెచ్చవేయాలి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అవే జన్యువులు ఒక్కొక్కటిగా ఉన్న రకాలు పక్క పొలాల్లో సాగైతే, బ్యాక్టీరియా ఒక్కో మెట్టే ఎక్కి మూడోదాకా రావచ్చు. కాబట్టి ఈ రక్షణ ఎంత కాలం నిలుస్తుందన్నది మన మడి ఒక్కదాని చేతిలో లేదు.

ఇది జన్యుమార్పిడి పంట కాదు. రెండు వరి మొక్కలను సంకరం చేసి, పిల్లల్లో కావలసిన జన్యువు వచ్చిందో లేదో డీఎన్ఏ గుర్తులతో చూసి ఎంచుకున్న రకం. ఈ రెండింటినీ కలిపేసి భయపడేవారున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

మందుతో ఎందుకు తేలదు

శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గి తెగులుకు మంచి మందులున్నాయి. ఎండాకు తెగులుకు ఆ స్థాయి మందు లేదు. బ్యాక్టీరియా నీటి గొట్టాల లోపల ఉంటుంది, పైన కొట్టిన రాగి మందు అక్కడికి చేరదు. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 0.2 గ్రాముల స్ట్రెప్టోమైసిన్–టెట్రాసైక్లిన్ మిశ్రమం అనే సిఫారసు చాలాకాలంగా వినిపిస్తుంది. అది కొత్త మచ్చల వేగాన్ని కొంత తగ్గించవచ్చు, ఎండిన ఆకును తిరిగి పచ్చగా చేయదు.

స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా కణంలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమును దెబ్బతీస్తుంది. పందిలో, మనిషిలో ఆ రైబోజోము నిర్మాణం వేరు, అందుకే అదే మందు మనకు వైద్యంలో పనికొచ్చింది. చిక్కు కూడా అక్కడే ఉంది. మడి నీళ్లలో ఉన్న వేల రకాల ఇతర బ్యాక్టీరియాలకూ అదే మందు తగులుతుంది. తట్టుకున్నవి ఆ గుణాన్ని వేరే జాతులకు అందించగలవు. క్షయ చికిత్సలో వాడిన మందును ఆకుల మీద చల్లడం మంచిది కాదన్న ఆందోళనతో, ఈ రెండు యాంటీబయోటిక్‌లను వ్యవసాయంలో నిషేధించే ముసాయిదాను కేంద్రం 2021 డిసెంబరులో తెచ్చింది.

ఒకదాన్ని చంపడానికి అనుమతి, ఇంకోదాన్ని చంపే మందుకు అనుమతి

చట్టం ఈ రెండు జీవులను చూసే తీరు ఆసక్తికరం. బ్యాక్టీరియాను చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దానికి వాడే మందునే 1968 క్రిమిసంహారకాల చట్టం నియంత్రిస్తుంది. పంది విషయంలో చంపడమే నియంత్రణలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదట మూడో షెడ్యూలులో ఉంచింది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి వచ్చింది. వేట అంటే తుపాకీతో కాల్చడమే కాదు, ఉచ్చు, వల, విషం, ఎరలో పెట్టిన నాటుబాంబు కూడా వేట కిందికే వస్తాయి.

దారులు రెండున్నాయి, వీటినే జనం ఎక్కువగా కలగాపులగం చేస్తారు. మొదటిది సెక్షన్ 11. పంది మనిషి ప్రాణానికో, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికో ప్రమాదమని తేలితే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాతపూర్వకంగా చెప్పి వేటకు అనుమతించవచ్చు. ఈ అధికారాన్ని ఊరి దగ్గరికి తెచ్చే ప్రయత్నంగా కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చింది. రెండోది సెక్షన్ 62. కేంద్రమే ఒక జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి హానికర జంతువుగా ప్రకటించడం. 2015 చివర బీహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాలకు అడవి పందిని ఇలా ప్రకటించారు. అప్పుడు ఆ కాలానికి, ఆ ప్రాంతంలో రక్షణ పోతుంది. మొదటి దారిలో రక్షణ అలాగే ఉంటుంది, అనుమతి మినహాయింపు మాత్రమే.

కాల్చాలన్నవారి వాదనను తేలిగ్గా తీసేయలేం. నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. రాత్రంతా మంచె మీద కాపలా కాసిన మనిషి పగలు కూలికి పోలేడు. వద్దన్నవారి వాదనలోనూ పస ఉంది. పంది నేలను తవ్వి విత్తనాలను చల్లుతుంది, పులికీ చిరుతకూ ఆహారం. అది తగ్గిన అడవి అంచులో చిరుత పశువుల మీదకు వస్తుంది. పైగా గుడ్డిగా చంపితే ఫలం ఉండదు. ఇరవై పందుల మందలో ఎనిమిది ఆడవి ఉన్నాయనుకుంటే, ఈతకు అయిదు చొప్పున నలభై పిల్లలు. సులువుగా దొరికే ఒంటి మగవాటిని పది చంపినా ఈ నలభైలో ఒక్కటీ తగ్గదు. మధ్యేమార్గంగా పంటకు దగ్గర్లోని పొదలు తొలగించడం, ఊరు మొత్తం కలిసి ఒకే కంచె వేసుకోవడం సూచిస్తారు. ఒక్కడే కంచె వేస్తే మంద పక్కవాడి మడికి పోతుంది, మొత్తం నష్టం అలాగే ఉంటుంది.

బ్యాక్టీరియా తరఫున వాదించేవారు లేరు. కానీ దాని దగ్గరి చుట్టం శాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ స్రవించే జిగురునే శాంథాన్ గమ్ పేరుతో ఐస్‌క్రీముల్లో, సాసుల్లో చిక్కదనం కోసం వాడుతున్నారు. అమెరికాలో మాత్రం వరి తెగులు బ్యాక్టీరియాను ప్రమాదకర వ్యవసాయ సూక్ష్మజీవుల జాబితాలో పెట్టారు. అక్కడి ప్రయోగశాలలో దాన్ని ఉంచుకోవాలంటే ప్రత్యేక నమోదు కావాలి.

పంట కాలంలో ఎవరి వంతు ఎప్పుడు

ఎండాకు తెగులు కాలం నాటిన రెండు మూడు వారాల నుంచి మొదలై, పిలకల దశలో పెరిగి, పూత దాకా సాగుతుంది. అప్పటికి కొంత యూరియా వేసేసి ఉంటాం, రకం ఎంపిక విత్తనం కొన్న రోజే అయిపోయింది. కాబట్టి దాని మీద రైతు తీసుకోగల పెద్ద నిర్ణయాలు మే, జూన్ నెలల్లోనే ఉంటాయి. పోయినేడు తెగులు వచ్చిన మడిలో దుబ్బులు మొలకెత్తకుండా దున్నడం, గట్ల మీది గడ్డి తీయడం కూడా అప్పుడే, ఎందుకంటే పంట లేని నెలల్లో బ్యాక్టీరియా తలదాచుకునేది వాటిలోనే.

పంది వంతు పూత తర్వాత వస్తుంది, పాలు పోసుకున్న నాటి నుంచి కోత మిషను వచ్చేదాకా, సుమారు నెల రోజులు. బీమా ఫోటో, పంచనామా, కంచె బ్యాటరీ చార్జింగ్, అడుగు తీగ కింద గడ్డి కోయడం, అన్నీ ఈ నెలలోకి వచ్చి పడతాయి. మూడు జన్యువుల సాంబ మహసూరి వేసిన మడికైనా ఆ నెల కంచె కావాల్సిందే.